హైడ్రోజనా, హీలియమా?

సాయంత్రం ఆరు దాటింది. నారాయణగూడ చౌరస్తాలో బండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదులుతున్నాయి. రేపు అశోక్‌నగర్‌లో మీ మేనకోడలి పుట్టినరోజు. హాలు పైకప్పంతా బుగ్గలు తేలాలని పిల్ల ఒకటే పోరు. ఫుట్‌పాత్ అంచున ఒకాయన సైకిలుకు గ్యాస్ బుగ్గల గుత్తి కట్టుకుని నిలబడ్డాడు. పక్కన తుప్పెక్కిన ఇనప సిలిండర్. దాని దగ్గరికి చెయ్యి తీసుకెళితే సెగ తగులుతుంది.

లోపల కాస్టిక్ సోడా, నీళ్లు, అల్యూమినియం ముక్కలు ఉన్నాయి. అవి కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది, దాంతోపాటే వేడీ పుడుతుంది. ఒత్తిడి ఎంత పెరిగిందో చెప్పే మీటరు ఎక్కడా లేదు. నాలుగడుగుల అవతల మిర్చిబజ్జీల బండి మీద స్టవ్ భగభగమంటోంది.

"భయమేం లేదన్నా, ఏండ్ల సంది ఇదే పని," అంటాడాయన. ఆ మాటలో మోసం లేదు. కానీ రోజంతా ఆ సిలిండర్ మీదికి వంగి ఉండేది ఆయనే. అది పగిలితే మొదటి దెబ్బ ఆయన మొహానికే. మీకు బుగ్గలకన్నా ముందు ఆయన చేతులే కనిపిస్తాయి.

గాలిలో హైడ్రోజన్ నూటికి 4 పాళ్లున్నా, 75 పాళ్లున్నా అంటుకుంటుంది. సిల్కు బట్టల రాపిడికి పుట్టే రవ్వ చాలు. ఒక బుగ్గ అంటుకుంటే గుత్తి మొత్తం ఒక్కసారే మంటవుతుంది. కేకు మీద కొవ్వొత్తులు, హారతి పళ్లెంలో కర్పూరం, చుట్టూ పట్టు లంగాల పిల్లలు ఉన్న హాలును ఒక్కసారి ఊహించుకోండి. ఆయనకు దండం పెట్టి కదులుతారు.

మెట్రో స్తంభాల వెంట చిక్కడపల్లి వైపు నడుస్తుంటే మనసు ఈసీఐఎల్ మీదికి పోతుంది. ఇదే నగరంలో, అక్కడ టాటా మౌలిక పరిశోధన సంస్థ 1969 నుంచి బెలూన్ కేంద్రం నడుపుతోంది. ఆకాశంలోకి పరికరాలు మోసుకెళ్లే ఆ మహా బెలూన్లలో నింపేదీ హైడ్రోజనే. కాకపోతే అక్కడ విశాలమైన మైదానం, శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు. బెలూన్ కింద వేలాడేవి యంత్రాలు, మనుషులు కారు. అంత పెద్ద సంచీని హీలియంతో నింపాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆ చోటికి హైడ్రోజనే సరైన ఎంపిక. మన హాలుకు కాదు.

చిక్కడపల్లి సందులో డెకరేషన్ సామాన్ల దుకాణం. నిలువెత్తు సిలిండర్, పైన మీటరు, నాజిల్. కుర్రాడు బుగ్గ మూతిని నాజిల్‌కు తొడిగి నొక్కుతాడు. బుస్సుమంటూ నిండుతుంది.

"ఇది హీలియమేనా తమ్ముడూ?"

"హీలియమే సార్."

నమ్మడమెలా? రెండు వాయువులకూ రంగు లేదు, వాసన లేదు. పదకొండు అంగుళాల బుగ్గలో పట్టేది సుమారు 14 లీటర్లు. హీలియం లీటరుకు దాదాపు ఒక గ్రాము బరువును లేపితే, హైడ్రోజన్ 1.1 గ్రాములు లేపుతుంది. మొత్తం బుగ్గకు తేడా గ్రాముకు కాస్త పైమాట. చేత్తో పట్టుకుని చెప్పలేం. అయితే నాజిల్ బిగించేటప్పుడు చూడండి. మండే వాయువుల సిలిండర్లకు మరలు ఎడమవైపు తిరుగుతాయి, మండని వాటికి మామూలుగా కుడివైపు. కుర్రాడు నవ్వుతూ విప్పి, మళ్లీ బిగించి చూపిస్తాడు. కుడివైపే.

ఈ హీలియంతో మనకు పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల వెలుగును విడదీసి చూశారు. అందులో ఒక పసుపు గీత. దాని వెనకున్న మూలకం భూమ్మీద రామ్సే చేతికి చిక్కడానికి 1895 దాకా పట్టింది. తెలుగు నేల మీద నిలబడి చూసిన ఆ వెలుగే, ఇప్పుడు చిక్కడపల్లి సిలిండర్‌లో ఉంది. అది తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అందుకే వృథా చేయబుద్ధి కాదు. భూగర్భంలో యురేనియం, థోరియం క్షీణిస్తూ కోట్ల ఏళ్లలో కూడబెట్టిన వాయువిది. గాలిలో కలిసిందంటే మళ్లీ పట్టుకోవడం మహా కష్టం, చివరికి అంతరిక్షంలోకే జారిపోతుంది. ఆసుపత్రుల్లో ఎమ్మారై యంత్రాల అయస్కాంతాలను చల్లబరిచేదీ ఇదే. మన దేశం దాదాపు అంతా దిగుమతే చేసుకుంటోంది.

"ఎన్ని నింపమంటరు సార్?"

పిల్ల వయసు ఏడు. ఏడు బుగ్గలకు హీలియం, మిగతావి పంపుతో మామూలు గాలి కొట్టి గోడలకు దండలుగా కట్టమంటారు. రబ్బరు బుగ్గల్లోంచి హీలియం ఒక్క రాత్రిలోనే సన్నగా జారిపోతుంది కనుక, ఆ ఏడింటినీ రేపు సాయంత్రం హాలు దగ్గరే నింపాలి.

"నాలుగింటికొస్త సార్, అడ్రస్ రాయండి," అంటూ బిల్లు పుస్తకం ముందుకు జరుపుతాడు.