కుర్చీని తిరగేసి చూడండి

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాసి పంపమని మన కార్యదర్శి గారు ఫోను చేసిన సమయానికి నేను వసారాలో ఒక పాత కుర్చీని తలకిందులు చేసి, టార్చిలైటు వేసి దాని అడుగు చూస్తున్నాను. చేతిలో ఉన్న పని గురించే రాస్తే పోలా అనిపించింది. కుర్చీకి చరిత్రేమిటని నవ్వకండి. మనం ముప్పై ఏళ్లకు పైగా బతికింది దాని మీదే.

సర్వీసులో చేరినప్పుడు మనకిచ్చింది చేతులు లేని కుర్చీ. సూపరింటెండెంటు అయితే చేతుల కుర్చీ. ఆ పైవారికి వీపున తెల్లటి తువ్వాలు. స్టోర్సు వాళ్లు ఏది ఇస్తే దాంట్లో కూర్చున్నాం తప్ప ఫలానాది కావాలని ఎంచుకున్నది లేదు. అందుకే రిటైరై బడంగ్‌పేటలో ఇల్లు కట్టుకున్నాక, నా కుర్చీ నేనే ఎంచుకోవాలని, అదీ పాతకాలపు యూరప్ కుర్చీ అయి ఉండాలని కోరిక పుట్టింది. "ఉన్నవి చాలవూ?" అంది మా ఆవిడ. ఆమె మాట ఎంత నిజమో తరువాత తెలిసింది.

మన తాతలకు కుర్చీతో పని లేదు. పీట, అరుగు, నులకమంచం ఉండేవి. నవాబుల దివాణాల్లో తివాచీ, దాని మీద దిండ్లు. కుర్చీ అనే మాటే అరబ్బీ 'కుర్సీ' నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. వచ్చింది కూర్చోవడానికి కాదు, ఎవరు కూర్చోవాలో ఎవరు నిలబడాలో తేల్చడానికి. దొర ముందు, తహసీల్దారు ముందు కుర్చీలో కూర్చోవడమంటే మా నాన్నగారి కాలం దాకా సామాన్యుడికి ఊహకందని విషయం.

బడంగ్‌పేట నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా పాతబస్తీకి వెళ్లేవారికి ఫలక్‌నుమా కొండ తెలుసు. పైగా వంశీయుడు వికారుల్ ఉమ్రా 1884లో ఆ మహలుకు పునాది వేశాడు. 1890ల్లో అది ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. అక్కడి భోజనశాలలో ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. తివాచీ మీద బాసీపట్టు వేసుకు తినే దర్బారు, రెండు మూడు తరాల్లో యూరప్ పద్ధతి కుర్చీకి ఎంతగా మారిపోయిందో చెప్పడానికి ఆ బల్ల ఒక్కటి చాలు. 2010లో అది హోటలైంది. మనకు అందుబాటులో ఉన్నది సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ (1889-1949) పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు ప్రారంభించారు. పాత కుర్చీ కొనదలచినవారు ముందు ఒక పూట అక్కడి యూరప్ సామాను చూసి రావడం మంచిది. అసలైన చెక్కడపు పని ఎంత లోతుగా, చేతి వంకరలతో సహా ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

నేను ఆ పని చేయకుండానే కొన్నాను. దుకాణం పేరు అనవసరం. పూలు చెక్కిన ఎత్తైన వీపు, పులి పంజా కాళ్లు, ఎర్ర మఖమలు. ఫ్రెంచి రాజుల కాలపు మోస్తరుదని, ఫలానా దేవిడీ నుంచి వచ్చిందని చెప్పారు. జత కుర్చీలకు నా రెండు నెలల పెన్షను పోయింది. తలుపు గడియ బిగించడానికి వచ్చిన వడ్లాయన వాటిలో ఒకదాన్ని తిరగేసి, నా వంక జాలిగా చూశాడు. "ఎంతకు తెచ్చిన్రు సార్? ఇది మామిడి చెక్క. మరలు చూడున్రి, ప్లస్ మరలు" అన్నాడు. ప్లస్ గుర్తు తల ఉన్న మర 1930ల్లో అమెరికాలో వచ్చింది. రాజుల కాలపు కుర్చీలో దానికేం పని? మఖమలు కింద స్పాంజి, దాన్ని పట్టి ఉంచుతూ స్టేపుల్ పిన్నులు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఓదార్పు కోసం పుస్తకాలు తిరగేస్తే నాకంటే పెద్దవాడొకడు దొరికాడు. ఇంగ్లండు ప్రధానమంత్రి కొడుకు, రచయిత హోరేస్ వోల్పోల్ (1717-1797). ఎబొనీ అనే నల్ల చేవకర్రతో చేసిన కుర్చీలను ఆయన ఏరికోరి తన స్ట్రాబెరీ హిల్ భవనంలో పెట్టుకున్నాడు. అవి ట్యూడర్ రాజుల నాటి ఇంగ్లీషు కుర్చీలని ఆయన నమ్మకం. ఆయన్ను చూసి ఇంకెందరో నమ్మారు. తీరా అలాంటి కుర్చీలు 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో, ఐరోపావారి కోసం ఇక్కడి వడ్రంగులు చేసినవని తరువాతి పండితులు తేల్చారు. నేను మామిడి చెక్కను ఫ్రాన్సు అనుకున్నాను. ఆయన మన తీరాన్ని ఇంగ్లండు అనుకున్నాడు!

విశాఖపట్నం సంగతి ఇంకా గొప్పది. 18వ శతాబ్దంలో అక్కడి పనివారు ఇంగ్లీషు నమూనా కుర్చీలను రోజ్‌వుడ్, టేకు, ఎబొనీలతో చేసి, అంచుల వెంట ఏనుగు దంతం పొదిగేవారు. దంతం మీద తీగలు, పువ్వులు సన్నగా గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. రూపం ఇంగ్లండుది, పూలతీగ మన కలంకారీ అద్దకాలకు చుట్టం. కంపెనీ దొరలు ఓడల్లో తీసుకుపోయారు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈనాడు 'విజగపటం' పనితనమని పేరుపెట్టి చూపేది దీన్నే. చేసిన వారి పేర్లు మాత్రం ఏ కుర్చీ మీదా లేవు. ఒక హెచ్చరిక: దంతం పొదిగినది ఎవరైనా అమ్ముతామంటే కొనకండి. వన్యప్రాణి చట్టానికి 1986లో, 1991లో జరిగిన సవరణలతో మన దేశంలో దంతం వ్యాపారం నిషేధం.

మరి సామాన్యుడి ఇంటికి చేరిన అసలు యూరప్ కుర్చీ ఏది? ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల దగ్గర, ఉస్మానియా బిస్కెట్టు చాయలో ముంచుకుంటూ మనం ఆనుకున్న వంపు వీపు కుర్చీ! దాని మూలపురుషుడు మైకేల్ థోనెట్ (1796-1871), జర్మనీలో పుట్టి వియన్నా చేరిన వడ్రంగి. మొదట పలుచని చెక్కలను జిగురుతో అతికించి వంచేవాడు. ఓడ ప్రయాణంలో, తేమ దేశాల్లో జిగురు ఊడిపోయేది. దాంతో బీచ్ అనే చెట్టు కర్రను నిండుగా ఆవిరిలో ఉడికించి, ఇనుప పట్టీ బిగించి వంచడం కనిపెట్టాడు. 1859లో వచ్చిన 14వ నంబరు కుర్చీకి ఆరు కర్ర ముక్కలు, పది మరలు, రెండు నట్లు, అంతే. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. 1930 నాటికి అయిదు కోట్లు అమ్ముడయ్యాయని చెబుతారు. ప్రత్యేక హక్కు గడువు 1869లో తీరాక యాకబ్ కోన్ వంటి పోటీ కంపెనీలూ అవే చేశాయి. చవక, తేలిక, జిగురు మీద ఆధారపడనిది. మన వానాకాలానికి ఇంతకన్నా ఏం కావాలి?

అలాంటివి రెండు మా ఇంటి మేడ మీదే ఉన్నాయి. సికింద్రాబాదులో మూతపడిన ఒక హోటలు సామాను అమ్మితే మా మామగారు కొన్నారట. ఒకదాని మీద తులసి కుండీ, రెండోదాని మీద వడియాల పళ్లెం. వాటిలో ఒకదాన్నే కార్యదర్శి గారు ఫోను చేసిన రోజున తిరగేసి చూస్తున్నది. వంపు వెంట వేలు పోనిచ్చాను. కర్ర నార ఎక్కడా తెగకుండా వంపుతోపాటే తిరిగింది. రంపంతో వంపుగా కోసిన నకలులో నార అడ్డంగా తెగి, అక్కడే పగులుతుంది. దీనికి మించిన పరీక్ష లేదు. సీటు చట్రం లోపల కాగితం చీటీ చిరిగిపోయింది గానీ, కర్ర మీద 'మేడ్ ఇన్ చెకొస్లొవేకియా' అన్న ముద్ర మిగిలింది. ఆ దేశం పుట్టింది 1918లో, విడిపోయింది 1993 మొదట్లో. అంటే నా కుర్చీ 1918కి ముందుది కాదు. ఆస్ట్రియా అని ఉంటే ఇంకా పాతదనుకోవచ్చు. 1972 పురావస్తు చట్టం ప్రకారం పురాతన వస్తువు అనిపించుకోవాలంటే నూరేళ్లు నిండాలి. నాది ఆ గీత దాటిందో లేదో, ఆ ముద్ర ఒక్కదాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు.

జుమ్మెరాత్ బజారులో గానీ, ఎర్రగడ్డ ఆదివారం సంతలో గానీ కొనదలచినవారికి రెండు మాటలు. నిజంగా వాడిన కుర్చీ చేతుల కొసలు, ముందు అడ్డకర్ర, కాళ్ల అడుగులు అరిగి ఉంటాయి. అన్నిచోట్లా సమంగా అరిగితే అది ఉప్పుకాగితం పని. బీచ్ కర్రకు పుచ్చు, చెద తొందరగా పడతాయి. సన్నని రంధ్రాల కింద తాజా పొడి రాలితే పురుగు బతికే ఉంది, ఇంటికి తేవద్దు. మన వయసు వారికి ముఖ్యమైనది ఎత్తు. సీటు నేల నుంచి పదిహేడు పద్దెనిమిది అంగుళాలుండాలి. అంతకంటే పల్లంగా ఉంటే ఎంత పురాతనమైనా లేవడానికి మనుమడు కావాలి.

సీటు బెత్తు అల్లిక పూర్తిగా పోయింది. పూర్వం మన ఆఫీసులకు ఏడాదికోసారి చూపులేని ఒకాయన వచ్చి, వరండాలో కూర్చుని కుర్చీలన్నీ అల్లి వెళ్లేవారు, గుర్తుందా? వేళ్లతో చిల్లు వెతుక్కుని, లాగి, మీటి చూసేవారు. అలా అల్లేవారి కోసం నెల రోజులు తిరిగాను. చివరికి మా వడ్లాయనే ఒకరిని తీసుకొచ్చాడు. తడి బెత్తు ఆరి బిగుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. మొదట మా ఆవిడ కూర్చుంది. తులసి కుండీ ఇప్పుడు ఫ్రెంచి కుర్చీ మీద ఉంది.