గాలి ఎగువ, గాలి దిగువ: కరిబియన్ ద్వీపనామాలలో నావికుని దృష్టి

కరిబియన్ సముద్రపు తూర్పు అంచున విల్లువలె వంగి ఉన్న దీవుల వరుసకు లెస్సర్ ఆంటిలీస్ అని పేరు. ఇంగ్లీషువారు వీటిలో దక్షిణాన ఉన్న గ్రెనడా, సెయింట్ విన్సెంట్, సెయింట్ లూసియాలను విండ్‌వర్డ్ దీవులనీ, ఉత్తరాన ఉన్న ఆంటిగ్వా, సెయింట్ కిట్స్, మాంట్‌సెరాట్‌లను లీవర్డ్ దీవులనీ వ్యవహరించారు. గాలి ఎగువ దీవులు, గాలి దిగువ దీవులు అని వీటి అర్థం. వరుస పొడవునా తూర్పుగాలే వీస్తుండగా ఈ విభజన ఎట్లా ఏర్పడిందన్నది పరిశీలించదగినది.

దీనికి మూలం నౌకాయానంలో ఉంది. ఐరోపా ఓడలు కానరీ దీవుల వరకు దక్షిణంగా వచ్చి, ఈశాన్య వ్యాపార పవనాలను అందుకొని అట్లాంటిక్‌ను దాటేవి. 1493లో కొలంబస్ రెండవ యాత్రలో కరిబియన్‌లో మొదట కనిపించిన దీవి డొమినికా. అక్కడినుండి పడమరకు, వాయవ్యానికి సాగడానికి గాలీ ప్రవాహమూ అనుకూలించేవి. తిరిగి రావాలంటే ఎదురుగాలిలో ఓడను అటూ ఇటూ మళ్లిస్తూ రోజుల తరబడి శ్రమించవలసి వచ్చేది. ఆ శ్రమలోని తేడాయే పేర్లలోని తేడా అయింది.

ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం వంటి పేర్లకు కొండవాలు ఆధారం. అది ఎవరికైనా ఒక్కటే. గాలిని బట్టి వచ్చిన పేర్లకు అటువంటి స్థిరత్వం లేదు. డచ్చివారు వెనిజులా తీరానికి చేరువలోని అరూబా, కురసావ్, బొనైర్‌లను గాలి దిగువ దీవులన్నారు. వాటితో పోల్చి సేబా, సెయింట్ యుస్టేషియస్, సెయింట్ మార్టెన్‌లను గాలి ఎగువ దీవులన్నారు. ఇంగ్లీషు వ్యవహారంలో ఈ మూడూ లీవర్డ్ దీవులే. గాలి ఒక్కటే అయినా, పోలికకు తీసుకొన్న దీవులు వేరు.

1671లో ఇంగ్లండు ఉత్తర దీవులను బార్బడోస్ పాలననుండి వేరుచేయడంతో నావికుల మాట పాలనావిభాగపు పేరుగా స్థిరపడింది. 1871 నాటి లీవర్డ్ సమాఖ్యలో ఉన్న డొమినికా 1940లో విండ్‌వర్డ్ విభాగానికి బదిలీ అయింది. దీవి కదలలేదు, గాలి దిశ మారలేదు. పాలకుల దస్త్రం మాత్రమే మారింది.

ఆ దీవికి కలినాగో ప్రజల పేరు వైటుకుబులి. 'ఆమె దేహం పొడవైనది' అని దాని అర్థం. ఆదివారంనాడు చూచినందున కొలంబస్ దానిని డొమినికా అన్నాడు. మొదటి పేరులో దీవివాసుల చూపు, రెండవదానిలో ఆగంతుకుని వారం, విభాగనామంలో ఓడ నడిపినవారి గాలి నిలిచాయి. కావున స్థలనామ పరిశోధన వ్యుత్పత్తితో ఆగరాదు. పేరు పెట్టినవారు ఎక్కడ నిలిచి చూచారో కూడా నిర్ణయించాలి.