తొంభైల కార్టూన్లు ఎప్పటివి?

తొంభైల్లో పెరిగినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి మోగ్లీ దగ్గరికో, టామ్ అండ్ జెర్రీ దగ్గరికో వచ్చి తీరుతుంది. మా కాలం కార్టూన్లే కార్టూన్లు అన్న తీర్పు కూడా అక్కడే అయిపోతుంది. ఆ అభిమానాన్ని కాదనడం లేదు. కాకపోతే ఆ పేర్ల పక్కన పుట్టిన సంవత్సరాలు వేసి చూస్తే తమాషాగా ఉంటుంది. టామ్ అండ్ జెర్రీ 1940, ఫ్లింట్‌స్టోన్స్ 1960, స్కూబీ డూ 1969, హీ-మ్యాన్ 1983, డక్ టేల్స్ 1987, మోగ్లీ కనిపించిన జంగిల్ బుక్ 1989. మనం తొంభైలవి అని చెప్పుకునేవాటిలో చాలావాటికి తొంభైలతో పుట్టుక సంబంధమే లేదు. అర్ధ శతాబ్దపు సరుకు ఒక్కసారిగా మన ఇళ్లలోకి దిగింది. తాతగారి చిన్ననాటి బొమ్మా, నిన్నమొన్నటి బొమ్మా మనకు ఒకే వారంలో కొత్తవయ్యాయి.

ఇలా బయటి బొమ్మలు దిగడం మన దేశంలో బొమ్మల సినిమా తీసేవాళ్లు లేక కాదు. ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్‌లో 1956 నాటికే కార్టూన్ విభాగం ఉంది. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చి మనవాళ్లకు తర్ఫీదునిచ్చాడు. ఆ బృందం జాతక కథ ఆధారంగా 1957లో ‘ద బన్యన్ డీర్’ తీసింది. భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కుగా చెప్పుకునే రామ్ మోహన్ అక్కడినుంచి వచ్చినవాడే. 1974లో విజయా ములే తీసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ను దూరదర్శన్ ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వేసింది. భీంసేన్ బొమ్మలు కదిలించిన ఆ ఏడు నిమిషాల ముక్క, హిందీ రాని తెలుగు పిల్లలకూ కంఠతా వచ్చేసింది. 1986లో సుద్ధసత్వ బసు ‘గాయబ్ ఆయా’ సీరియల్ తీశాడు. అయితే ప్రతి వారం అరగంట బొమ్మలు కదిలించాలంటే వేలకు వేల బొమ్మలు గీయాలి. అంత ఖర్చు పెట్టి తీసినా కొనేది ఒక్క దూరదర్శనే. బయట అప్పటికే పలుచోట్ల ఆడి పెట్టుబడి రాబట్టుకున్న సీరియల్‌ను కొని తేవడం దానికన్నా ఎంతో చవక. పిల్లల కార్యక్రమాల రూపురేఖలు తేల్చింది అభిరుచి కన్నా ఈ లెక్కే.

ఆ లెక్కలో మనకు దక్కిన మేలిరకం సరుకు జంగిల్ బుక్. ముంబైలో పుట్టిన కిప్లింగ్, అమెరికాలోని వెర్మాంట్‌లో ఉండగా, మధ్యప్రదేశ్ సియోనీ అడవుల మీద రాసిన పుస్తకం 1894లో అచ్చయింది. దాన్ని టోక్యోలోని నిప్పన్ యానిమేషన్ సంస్థ 52 భాగాల సీరియల్‌గా తీసింది. ఫుమియో కురొకవా దర్శకుడు. 1993లో అది హిందీ మాటలతో మన ఆదివారం ఉదయాల్లోకి వచ్చింది. గుల్జార్ పాట రాస్తే విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడు. పులి షేర్‌ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు. మన దగ్గర చాలామంది పిల్లలకు ఆ పాటలో ‘చడ్డీ’ ఒక్కటే అర్థమయ్యేది. పడి పడి నవ్వడానికి అది చాలు. మిగతా హిందీ బడిలో నేర్చుకున్నదానికన్నా ఇక్కడే ఎక్కువ ఒంటబట్టింది.

ఇప్పుడు మళ్లీ చూస్తే జపాన్ వాళ్ల చేతిముద్ర బాగా కనిపిస్తుంది. మోగ్లీ చేతిలో బూమరాంగ్ ఉంటుంది. ఆస్ట్రేలియా ఆదివాసుల ఆయుధం సియోనీ అడవికి ఎలా వచ్చిందని అప్పట్లో ఎవరం అడగలేదు. వాడి నేస్తాల్లో ఒక ఎర్ర పాండా కూడా ఉంది. సిక్కిం, అరుణాచల్ కొండల్లో తిరిగే జంతువు మధ్యప్రదేశ్ ఎండల్లో హాయిగా గంతులేస్తుంటుంది. ఇవన్నీ తప్పులే, ఒప్పుకోవాల్సిందే. అయినా డిస్నీ 1967 సినిమా కన్నా ఈ సీరియల్ కిప్లింగ్‌కు దగ్గరగా ఉందనిపిస్తుంది నాకు. డిస్నీ సినిమాలో అడవి ఆటపాటల చోటు. ఇక్కడ ఆకలి ఉంది, వేట ఉంది, మంద కట్టుబాటు ఉంది, చావు కూడా ఉంది. పిల్లలకు చావు చూపించకూడదనే భయం జపాన్ వాళ్లకు లేదు.

అదే కాలంలో దూరదర్శన్‌లో ఆదివారాలు డిస్నీ వారి డక్ టేల్స్, టేల్ స్పిన్ కూడా హిందీలో వచ్చాయి. ఒక వింత గమనించండి. జంగిల్ బుక్‌లో మోగ్లీకి పాఠాలు చెప్పే పెద్దమనిషి బాలూ, టేల్ స్పిన్‌లో టోపీ పెట్టుకుని సరుకుల విమానం నడిపే బద్ధకస్తుడు. షేర్‌ఖాన్ కోటు తొడిగి, టై కట్టి, పెద్ద కంపెనీ యజమానిగా కూర్చుంటాడు. రెండింటి మూలం ఒకే పుస్తకమని తెలియని పిల్లలు కూడా ఏ తడబాటూ లేకుండా రెండు బాలూలనూ విడివిడిగా నమ్మేశారు. ఇక డక్ టేల్స్‌లోని అంకుల్ స్క్రూజ్, కార్ల్ బార్క్స్ 1947లో కామిక్స్ కోసం సృష్టించిన పిసినారి. నాణేల గుట్టలోకి దూకి ఈత కొట్టే ఆ బాతు మీద మన పిల్లలకు అసూయే తప్ప అసహ్యం కలగలేదు.

అమెరికాలో ఇలాంటి సీరియళ్లను 65 భాగాల చొప్పున తీసేవారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, పదమూడు వారాలు. ఆ తర్వాత మళ్లీ మొదటినుంచి తిప్పుతారు. హీ-మ్యాన్ కూడా ఆ కొలతే, పైగా అది మాటెల్ కంపెనీ బొమ్మలు అమ్ముకోవడానికి పుట్టిన కథ. అక్కడ మూడు నెలల్లో అయిపోయే సరుకు, ఇక్కడ వారానికొకటి చొప్పున వేస్తే ఏడాదికి పైగా వస్తుంది. కరెంటు పోతే ఆ వారం కథ పోయినట్టే. మేడ మీద ఒకడు యాంటెన్నా తిప్పుతుంటే, కింద ఇంకొకడు ‘ఆ, అక్కడే, అక్కడే’ అని కేకలేసే ఇళ్లలో ఒక్కో భాగానికి విలువ పెరిగింది. ఈ కార్టూన్ల మీద మనకున్న మమకారంలో సగం వాటి గొప్పతనం, మిగతా సగం ఆ ఎదురుచూపు అని నా అనుమానం.

1995 మే 1న కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలోకి రావడంతో ఆ ఎదురుచూపు తీరిపోయింది. పగలంతా బొమ్మలు, రాత్రయితే అదే ఛానల్ టీఎన్‌టీగా మారి పాత హాలీవుడ్ సినిమాలు. దాని యజమాని టెడ్ టర్నర్ 1986లో హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం పాత సినిమాల భాండాగారాన్ని, 1991లో కార్టూన్లు తీసే హన్నా-బార్బెరా సంస్థను కొన్నాడు. చేతిలో అంత సరుకు ఉన్నవాడు రోజంతా నడిచే ఛానల్ పెట్టడంలో ఆశ్చర్యం లేదు. మనకు యాభై ఏళ్ల బొమ్మలు ఒకేసారి దిగడానికి అసలు కారణం ఇదే.

ఆ భాండాగారంలోనే యానిమేషన్ చరిత్ర మొత్తం ఉంది, చూసే కన్నుండాలి. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఎంజీఎంలో టామ్ అండ్ జెర్రీ తీసింది సినిమా హాళ్ల కోసం. ఏడు నిమిషాల చిత్రానికి నెలల తరబడి పని, స్కాట్ బ్రాడ్లీ ఆర్కెస్ట్రా, మొత్తం మీద ఏడు ఆస్కార్లు. 1957లో ఎంజీఎం ఆ విభాగాన్ని మూసేసింది. ఇద్దరూ సొంత కంపెనీ పెట్టి టీవీకి తీయడం మొదలుపెట్టారు. టీవీ ఇచ్చే డబ్బుకు ఆ పాత పనితనం కుదరదు. అందుకే యోగి బేర్ మెడకు కాలరు, టై తగిలించారు. ఒంటి మీద చొక్కా లేని ఎలుగుబంటికి టై ఎందుకంటే, తల ఒక ముక్క, ఒళ్లు ఒక ముక్క. మాట్లాడేటప్పుడు ఒళ్లు కదపకుండా తల మాత్రం మార్చి గీస్తే సరి, అతుకు కాలరు కింద దాక్కుంటుంది. ఫ్లింట్‌స్టోన్స్‌లో ఫ్రెడ్ పరుగెత్తుతుంటే వెనక అదే కిటికీ మళ్లీ మళ్లీ వస్తుండటం కూడా ఆ పొదుపు పుణ్యమే. టామ్ అండ్ జెర్రీలో కొన్ని భాగాలు మాత్రం ఏదో తేడాగా, గుహలోంచి వచ్చినట్టుండే శబ్దాలతో ఉంటాయని చిన్నప్పుడే అనిపించినవాళ్లున్నారు. వాళ్ల చెవి పొరబడలేదు. జీన్ డైచ్ 1961-62లో ప్రాగ్‌లో తీసిన పదమూడు చిత్రాలవి.

తెలుగిళ్లలో టామ్ అండ్ జెర్రీ అందరి బొమ్మ కావడానికి ఇంకో కారణం, అందులో మాటలు దాదాపు లేకపోవడం. అదే 1995లో ఈటీవీ, జెమినీ మొదలై పెద్దవాళ్లకు తెలుగులో సీరియళ్లు, సినిమాలు దండిగా దొరికాయి. పిల్లలకు మిగిలింది ఇంగ్లీషే. స్కూబీ డూలో దొంగ ఎవరో చివర్లో ముసుగు తీసేదాకా ఆగాలి, తీశాక వాడు చెప్పే కారణం అర్థం కాదు. టామ్ అండ్ జెర్రీకి ఆ బాధ లేదు. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ నాయనమ్మ కూడా పిల్లి మీద జాలిపడగలదు.

తొంభైల్లో నిజంగా పుట్టినవి లేకపోలేదు. డెక్స్టర్ 1996, జానీ బ్రావో 1997, పవర్‌పఫ్ గర్ల్స్ 1998, కరేజ్ అనే పిరికి కుక్క 1999. విచిత్రమంతా స్వాట్ క్యాట్స్‌ది. 1993లో మొదలై 1995లో, కొన్ని భాగాల పని మధ్యలో ఉండగానే, ఆగిపోయింది. అమెరికాలో రెండేళ్లు నిలవని యుద్ధవిమానం నడిపే ఈ పిల్లులను మన కుర్రకారు నెత్తిన పెట్టుకుంది. ఉన్న ఇరవై చిల్లర భాగాలే తిప్పి తిప్పి చూసింది.

తొంభైల చివర్లో కార్టూన్ నెట్‌వర్క్‌కు హిందీ మాటలు వచ్చాయి, తర్వాత తమిళం. తెలుగు వంతు ఆ వెనకే. పూర్తిగా తెలుగులో పిల్లల ఛానల్ అంటే 2009లో సన్ వాళ్ల ఖుషీ టీవీ దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి తొంభైల పిల్లలు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు.

ఈలోగా బొమ్మలు గీసే పని హైదరాబాద్‌కు చేరింది. విదేశీ సంస్థలకు పని చేసిపెట్టే డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్, 2010లో జర్మనీ, ఫ్రాన్స్ సంస్థలతో కలిసి కంప్యూటర్ బొమ్మలతో జంగిల్ బుక్ సీరియల్ తీసింది. అమెరికాలో చదువుకుని వచ్చిన రాజీవ్ చిలక 2001లో ఇక్కడే గ్రీన్ గోల్డ్ పెట్టాడు. 2008లో పోగో ఛానల్‌లో వచ్చిన ఛోటా భీమ్ ఆ సంస్థదే. హైదరాబాద్‌లో గీసిన భీముడి ఊరు మాత్రం ఢోలక్‌పూర్. పిండివంటలమ్మేది టున్‌టున్ మౌసీ, జట్టులోని అమ్మాయి చుట్కీ. జాతీయ ఛానల్‌కు అమ్మాలంటే ముందు హిందీ పిల్లవాడిని మెప్పించాలి. దూరదర్శన్ నాటి లెక్కే ఇది, కాకపోతే ఇప్పుడు అమ్మేవైపు మనం ఉన్నాం. సొంత ఊళ్లో తయారైన బొమ్మను తెలుగు పిల్లలు డబ్బింగ్‌లోనే చూశారు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు అదే సంస్థ బోసినవ్వుల పసి భీముడితో ‘మైటీ లిటిల్ భీమ్’ తీసింది. అందులో మాటలే లేవు, ఇంకా మాటలు రాని పిల్లవాడి కేరింతలు తప్ప. దానికి డబ్బింగ్ అక్కర్లేకపోయింది.