కువైట్ బొమ్మలు నేర్పిన అరబ్బీ

అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసేమి స్ట్రీట్’కు అరబ్బీ రూపమైన ‘ఇఫ్తహ్ యా సింసిం’ 1979లో కువైట్ నుంచి ప్రసారమైంది. మొరాకో నుంచి ఒమన్ దాకా ఇళ్లలో మాట్లాడే అరబ్బీ ఒక్కోచోట ఒక్కో తీరు. అందరికీ ఉమ్మడిగా ఉన్న ప్రామాణిక రూపం ఫుస్‌హా బడిలో, పత్రికలో వినిపిస్తుందే గాని ఏ తల్లీ అందులో బిడ్డను బుజ్జగించదు. అయినా నిర్మాతలు సరళమైన ఫుస్‌హానే ఎంచుకున్నారు. గిడుగు రామమూర్తి గారి వాడుక భాషా వాదంతో పెరిగిన మనకు వెంటనే అభ్యంతరం తోస్తుంది: ఇంట్లో లేని భాష పసివాళ్లకు సహజంగా ఎలా వస్తుంది?

మాట సహజంగా రావడం అది బిడ్డకు ఏ సందర్భంలో అందిందన్న దాన్నిబట్టి ఉంటుందని నా నమ్మకం. 1911లో ముబారకియా బడి తెరిచేదాకా కువైట్ పిల్లల చదువు ప్రధానంగా కుత్తాబు అనే సంప్రదాయ బడిలో ఖురాన్ వల్లెవేయడమే. ధారణ విలువ తెలిసిన మనం దాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ వల్లించిన వాక్యం బిడ్డకు కావలసింది అడగడానికి పనికిరాదు. కాన్సస్‌లో బెటీ హార్ట్, టాడ్ రిస్లీ 1968లో ప్రచురించిన ప్రయోగం ఈ తేడాను దగ్గరగా చూపిస్తుంది. పేద పిల్లల బాలబడిలో రంగుల పేర్లు పాఠంగా చెప్పినా, ఆటలో ఆ మాటలు పిల్లల నోట పెద్దగా రాలేదు. ఆటవస్తువు కావాలంటే రంగు చేర్చి అడగాలన్నాక ధారాళంగా వచ్చాయి. సింసింలోనూ నుమాన్ అనే భారీ బొమ్మ, మల్సూన్ అనే చిలుక ఇరుగుపొరుగుతో కబుర్లాడతాయి, అడుగుతాయి, ఆడతాయి. పుస్తకాల భాషకు అక్కడ వీధి దొరికింది. 1990లో ఇరాక్ దురాక్రమణతో ఆగిపోయిన ఆ కార్యక్రమం 2015లో అబుదాబి నుంచి మళ్లీ వచ్చినప్పుడూ ఫుస్‌హాలోనే వచ్చింది.

టీవీ బదులు పలకదు కదా అంటారు. నిజమే, ఇది బలమైన అభ్యంతరం. హార్ట్, రిస్లీల పద్ధతికి ప్రాణం బిడ్డ అడిగిన క్షణాన పక్కనుండి పలికే పెద్దమనిషే. బొమ్మ వినిపించిన మాటను బిడ్డ వాడిచూడాలంటే ఇంట్లో ఒకరు వినాలి. కువైట్ ఇళ్లలో ఆ వినేది చాలాచోట్ల కడప, గోదావరి జిల్లాల నుంచి పనికెళ్లిన మన ఆడవాళ్లు. వాళ్లకొచ్చిన అరబ్బీ కూడా తరగతిలో నేర్చింది కాదు, వంటింట్లో పని చెప్పించుకుంటూ పట్టుకున్నది. వాళ్ల వ్యాకరణం వంకరగా ఉంటే పిల్లల భాష చెడుతుందని భయపడేవాళ్లున్నారు. తప్పులేని వాక్యాలు బిడ్డకు టీవీలో, బడిలో ఎలాగూ దొరుకుతాయి. నీళ్లకోసం చెయ్యి చాపిన బిడ్డకు గ్లాసు అందించే ముందు ఒక్క క్షణం ఆగి, నోరు విప్పే అవకాశమిచ్చే మనిషి మాత్రం ఇంట్లోనే ఉండాలి. పిల్లల చదువు చరిత్రలో ఈ ఆడవాళ్లకు చోటివ్వకపోవడం అన్యాయం.