తీగ ఒకటి, బిల్లులు వంద

మాటలకు కూడా చరిత్ర వుంటుంది. ఒక మాట ఏ కాలంలో, ఎవరి నోట బలం పుంజుకుంది, ఎవరి అవసరానికి పనికొచ్చింది అని విచారించకుండా దాన్ని వాడుకోవడం రచయితకు తగని పని. గత నలభై యేళ్ళుగా ‘స్వేచ్ఛ’ అనే మాట పక్కన ‘ఎంపిక’ అనే మాట వచ్చి కూర్చుంది. బడిని ఎంచుకోవచ్చు, ఆసుపత్రిని ఎంచుకోవచ్చు, చివరికి ఇంట్లో దీపానికి కరెంటు ఎవరి దగ్గర కొనాలో కూడా ఎంచుకోవచ్చు అంటున్నారు. ఈ చివరి ఎంపిక చరిత్రను పరిశీలిస్తే ఆ మాట లోపలి సంగతి బోధపడుతుంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం అందుకు స్పష్టమైన ఉదాహరణ.

టెక్సాస్ గ్రామాలకు కరెంటు వచ్చిన తీరుతో మొదలు పెట్టాలి. 1930ల మధ్యలో అమెరికాలో పదింట తొమ్మిది వ్యవసాయ కుటుంబాలు చీకట్లోనే వున్నాయి. దూరదూరంగా వున్న కొంపలకు స్తంభాలు వేస్తే లాభం లేదని ప్రైవేటు కంపెనీలు లెక్క తేల్చాయి. మధ్య టెక్సాస్ కొండప్రాంతంలో ఆడవాళ్ళు బావినీళ్ళు చేది మోసేవారు. మండు వేసవిలో కట్టెలపొయ్యి మీద ఇస్త్రీపెట్టెలు కాచుకునేవారు. మహామాంద్యం రోజుల్లో రూజ్వెల్టు ప్రభుత్వం 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పాటు చేసి, రైతుల సహకార సంఘాలకు అప్పులిచ్చింది. అప్పటికి యువ కాంగ్రెస్ సభ్యుడైన లిండన్ జాన్సన్ పట్టుబట్టి సాధించిన పెడర్నేల్స్ సహకార సంఘం తీగల్లో 1939లో కరెంటు పారింది. అది కూడా ఒక ఎంపికే. అయితే అది ఒక్కొక్క ఇల్లు విడివిడిగా చేసింది కాదు. మాకు కరెంటు కావాలి, తీగలు మావిగా వుండాలి అని రైతులంతా కలిసి చేసిన నిర్ణయం.

ఈ సామూహిక నిర్ణయం స్థానంలోకి ఒంటరి కొనుగోలుదారు ఎలా వచ్చాడన్నదే తరువాతి చరిత్ర. 1970ల చమురు సంక్షోభంతో, ద్రవ్యోల్బణంతో పెట్టుబడిదారీ ప్రపంచం ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు, ప్రభుత్వరంగమే రోగమనీ, బజారే మందు అనీ చెప్పే ఆర్థికశాస్త్రం రాజ్యమెక్కింది. 1982లో చిలీ సైనిక నియంతృత్వం విద్యుత్ రంగాన్ని ముక్కలు చేసి అమ్మకానికి దారి వేసింది. ప్రజలకు ఓటు లేని దేశంలో బజారు స్వేచ్ఛ ముందుగా వచ్చిందన్న సంగతి గమనించదగ్గది. 1989 చట్టంతో బ్రిటన్ అదే బాట పట్టింది. 1999 నాటికి అక్కడ ప్రతి ఇంటికీ సరఫరాదారును ఎంచుకునే హక్కు వచ్చింది. ఆ 1999లోనే టెక్సాస్ శాసనసభ చట్టం చేయగా, గవర్నరు జార్జ్ డబ్ల్యు. బుష్ సంతకం పెట్టాడు. ఈ బజారు కోసం గట్టిగా ప్రచారం చేసిన సంస్థల్లో హ్యూస్టన్ నగరపు ఎన్రాన్ ఒకటి. మహారాష్ట్రలో దభోల్ కేంద్రం ద్వారా మనవాళ్ళకూ తెలిసిన కంపెనీయే అది. ఆ ఎన్రాన్ 2001 డిసెంబరులో దివాలా తీసింది. నెల తిరగకుండా, 2002 జనవరి 1న టెక్సాస్ ఇళ్ళకు ‘ఎంపిక’ అమల్లోకి వచ్చింది. బోధకుడు పోయాడు, బోధ మిగిలింది.

ఇంతకూ ఎంచుకోమన్నది దేన్ని? కరెంటు మన ఇంటికి చేరే దారిలో మూడు మజిలీలున్నాయి. ఉత్పత్తి కేంద్రం మొదటిది. స్తంభాలు, తీగలు, మీటర్లు రెండోది. చిల్లర అమ్మకం మూడోది. టెక్సాస్‌లో తీగల కంపెనీ ప్రాంతానికి ఒక్కటే. దాన్ని మార్చుకునే వీలు లేదు. తీగ తెగితే వచ్చేది ఆ కంపెనీ మనుషులే. ఏ కేంద్రంలో పుట్టిన కరెంటు ఏ ఇంటికి పోతుందో వేరుచేసి చూపించడం ఎవరి తరమూ కాదు. అంతా ఒకే చెరువులో కలిసిన నీరు. మిగిలింది మూడో మజిలీ. టోకున కొని చిల్లరగా అమ్మే వందకు పైగా కంపెనీల్లో ఎవరి పేరు మీద బిల్లు రావాలన్నది మాత్రమే ఎంపికకు వదిలిన అంశం. ఒక్క స్తంభం కూడా పాతకుండా, ఒక్క దీపమైనా అదనంగా వెలిగించకుండా కరెంటు కంపెనీ కావచ్చునన్న మాట!

ఆ ఎంపిక చేసుకునే కాగితం ఎలా వుంటుందో సాహిత్య విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. ప్రతి పథకానికీ ఒక వివరపత్రం వుండాలన్నది నిబంధన. అందులో 500, 1000, 2000 యూనిట్లు వాడితే సగటు ధర ఎంత పడుతుందో చూపాలి. నిబంధన మంచిదే. కాని కంపెనీలు దాన్ని ఎలా చదివాయో చూడండి. యూనిట్ 16 సెంట్లనీ, 1000 యూనిట్లు నిండితే వంద డాలర్లు తగ్గింపనీ ఒక పథకం వుందనుకుందాం. సరిగ్గా 1000 యూనిట్లు వాడినవాడికి 60 డాలర్లు పడుతుంది. అంటే పత్రంలో యూనిట్ ధర 6 సెంట్లుగా కనబడుతుంది. 999 యూనిట్లు వాడినవాడు దాదాపు 160 డాలర్లు కట్టాలి. ఒక్క యూనిట్ తక్కువ వాడినందుకు వంద డాలర్ల జరిమానా! పొదుపుగా వాడే చిన్న కుటుంబానికి, ఒంటరిగా బతికే ముసలమ్మకు ఆ తగ్గింపు ఎండమావి. ‘రాత్రిళ్ళు ఉచితం’ అన్న పథకంలో ఆ ఉచితాన్ని పగటి ధరలో రాబట్టుకుంటారు. గడువుకు ముందు మానేస్తే రుసుము. గడువు దాటిన సంగతి గమనించకపోతే నెలనెలా మారే ధర. వ్యాఖ్యానం లేకుండా కొరుకుడుపడని ప్రబంధాలు మనకూ వున్నాయి. కాని ప్రబంధం అర్థం కాకపోతే పాఠకుడికి నెలకు వంద డాలర్ల నష్టం రాదు. డల్లాస్ శివార్లలో కొత్తగా కాపురం పెట్టే తెలుగు కుటుంబాలు మొదట చేయవలసిన పనుల్లో ఈ పత్రం చదవడం ఒకటి. చదువూ తీరికా వున్నవాడు ఏటేటా కంపెనీ మార్చి నాలుగు డబ్బులు మిగుల్చుకోగలడు. రెండు ఉద్యోగాలు చేసేవాడికి, ఇంగ్లీషు సరిగా రాని కూలీకి ఆ తీరిక లేదు. ఎంపిక అందరిదీ అంటూనే, దాని ఫలాన్ని తీరిక వున్నవాడికి రాసిచ్చిన వ్యవస్థ ఇది.

ఈ వ్యవస్థను సమర్థించేవాళ్ళ వాదన కూడా వినాలి. పాత గుత్తాధిపత్య కంపెనీలు ధర్మప్రభువులేమీ కావు. వాళ్ళ దుబారా బిల్లుల్లోకే ఎక్కేది. పోటీ కాలంలో టెక్సాస్ గాలివిద్యుత్తులో అమెరికాలోనే మొదటి స్థానానికి వచ్చిందన్నదీ నిజమే. కాని ఆ గాలివిద్యుత్తును నగరాలకు తెచ్చిన తీగలు ఎక్కడివి? 2005 చట్టం ప్రకారం రాష్ట్ర నియంత్రణ సంఘం నిర్ణయించి, దాదాపు 700 కోట్ల డాలర్ల ఖర్చును వినియోగదారులందరి మీదా వేసి నిర్మించినవి అవి. సాధించిన మేలులో కూడా సామూహిక నిర్ణయం పాత్ర అంత వుంది. ధరల సంగతి చూస్తే, 2021లో వాల్ స్ట్రీట్ జర్నల్ వేసిన లెక్క ప్రకారం 2004 నుంచి ఎంపిక వున్న ఇళ్ళు, అదే రాష్ట్రంలో పాత పద్ధతిలో కరెంటు పొందిన ఇళ్ళ ధరలతో పోలిస్తే 2,800 కోట్ల డాలర్లు అదనంగా చెల్లించాయి. ఆ పత్రిక బజారుకు శత్రువు కాదని వేరే చెప్పనక్కరలేదు.

అసలు పరీక్ష 2021 ఫిబ్రవరిలో వచ్చింది. 2011లోనే ఒకసారి చలికి యంత్రాలు గడ్డకట్టి కరెంటు పోయింది. ఉత్పత్తి కేంద్రాలకు చలి రక్షణ కల్పించమని కేంద్ర సంస్థలు అప్పుడే సిఫారసు చేశాయి. అది ఖర్చు పని; నిర్బంధం చేయలేదు కనుక చాలామంది చేయలేదు. పైగా కేంద్ర నియంత్రణ తప్పించుకోవడానికి టెక్సాస్ తన గ్రిడ్డును పక్క రాష్ట్రాలకు దూరంగా వుంచుకుంది. అవసరానికి అరువు తెచ్చుకునే దారి ఇరుకు. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున గ్రిడ్డు మొత్తం కూలిపోవడానికి నాలుగు నిమిషాల ముప్ఫై ఏడు సెకన్ల దూరంలో ఆగింది. 45 లక్షలకు పైగా ఇళ్ళు, దుకాణాలు చీకటిలో పడ్డాయి. రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది చలికి గడ్డకట్టి పోయినవారు. టోకు ధరను నియంత్రణ సంఘం గరిష్ఠానికి, అంటే యూనిట్‌కు 9 డాలర్లకు, ఎక్కించి రోజుల తరబడి అక్కడే వుంచింది. టోకు ధరకే కరెంటు ఇస్తామన్న గ్రిడ్డీ అనే కంపెనీ తుపాను ముందు తన ఖాతాదారులను వేరే కంపెనీకి మారిపొమ్మని తానే బతిమాలింది. మారలేకపోయిన కొందరికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. ఆ రాత్రి వణికిన మనిషి వంద కంపెనీల్లో దేన్ని ఎంచుకుని వుంటే అతని ఇంట్లో దీపం వెలిగేది? ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి! చలి రక్షణకు ఖర్చు పెట్టాలా వద్దా, పక్క రాష్ట్రాలతో తీగ కలపాలా వద్దా, కొరత వస్తే ధరకు హద్దు ఎక్కడ అనే అంశాలు ఏ వివరపత్రంలోనూ లేవు. ప్రాణం మీదికొచ్చే నిర్ణయాలను ఎంపికకు అందకుండా పైన వుంచి, బిల్లు మీది పేరును మాత్రం కింద ప్రజల చేతికిచ్చారు. ఎంపికలో చేరని సహకార సంఘాలు కూడా తప్పించుకోలేకపోయాయి. ఎన్నో సంఘాలకు కరెంటు సమకూర్చే బ్రాజోస్ సంస్థ 200 కోట్ల డాలర్లు దాటిన తుపాను బిల్లుతో 2021 మార్చి 1న దివాలా కోర్టుకెక్కింది. చేతులు కాలాక శాసనసభ చలి రక్షణను తప్పనిసరి చేసింది. ఇళ్ళకు టోకు ధర పథకాలను నిషేధించింది. నష్టాలను పూడ్చే రుణపత్రాల భారం ఏళ్ళ తరబడి బిల్లుల మీదికే వచ్చింది. లాభం వచ్చినప్పుడు ఒంటరివాడైన వినియోగదారు, నష్టం వచ్చినప్పుడు మాత్రం సమష్టిలో భాగమైపోయాడు.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. ప్రపంచబ్యాంకు అప్పుతో ఆంధ్రప్రదేశ్ 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది; 1999లో బోర్డు ముక్కలైంది; 2000లో ఛార్జీలు పెరిగాయి; ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో ‘సంస్కరణ’ అనే మాటకు ఏ అర్థం వుందో ఆ రోడ్డు చెప్పింది. వీరేశలింగం గారి కాలంలో ఎంత గౌరవం మోసిన మాట అది! ఒకే తీగల మీద అనేక కంపెనీలు కరెంటు అమ్మే పద్ధతిని ప్రతిపాదిస్తూ 2022 ఆగస్టులో లోక్‌సభలో బిల్లు పెట్టినప్పుడు కూడా వినియోగదారుకు ‘ఎంపిక’ అన్న మాటే ముందు నడిచింది. ఆ బిల్లు చట్టం కాలేదు. మాట మాత్రం బతికే వుంది.

మన డిస్కంలు సవ్యంగా వున్నాయని ఎవరూ అనడం లేదు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే రైతుకు ఆ మాట చెబితే నవ్వుతాడు. కాని ఆ రైతుకు కావలసింది బిల్లు మీద ఇంకో పేరు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నాళ్ళలో మార్చాలి, ఏ వేళ కరెంటు ఇవ్వాలి, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలి అన్న నిర్ణయాల్లో తనకో గొంతు. కొండప్రాంతపు టెక్సాస్ రైతులు 1939లో సాధించుకున్నదీ అదే. ‘ఎంపిక’ అన్న మాట వినబడినప్పుడల్లా ఎంచుకోమంటున్నది దేన్ని, మన చేతికి రాకుండా పక్కన పెట్టింది దేన్ని అని అడగడం అభ్యుదయ రచయిత బాధ్యత. ‘ప్రజలు’ అనవలసిన చోట ‘వినియోగదారులు’ అని మన కలం కూడా అలవాటుగా రాసేస్తున్న ఈ కాలంలో ఆ ప్రశ్నను మన రాతలతోనే మొదలు పెట్టవలసి వుంది.