సంజీవమ్మ పిల్లలు ఎవరి పిల్లలు?

ఏ జీవితచరిత్ర చేతికొచ్చినా అందులో తల్లి పేరు ఎన్ని పేజీల వరకు నిలిచిందో చూడటం నాకు అలవాటు. జిడ్డు కృష్ణమూర్తి గురించి వచ్చిన పుస్తకాల్లో సంజీవమ్మ మొదటి పేజీల్లోనే ఆగిపోతుంది. ఆ తర్వాత కథంతా తండ్రిది, గురువులది, కోర్టులది. పిల్లల పెంపకం గురించి ఇవాళ ఇంతగా మాట్లాడుకుంటున్నాం కదా, మన చిత్తూరు సీమలో మొదలైన ఈ ఒక్క కుటుంబం కథను ఆ కళ్లతో మళ్లీ చదవాలనిపించింది.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టాడు. అప్పట్లో ఆ ఊరు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. బదిలీలు, పిల్లల మలేరియా జ్వరాలు, వరుస కాన్పులు, పోయిన బిడ్డలు. సంజీవమ్మ సంసారం ఇదీ. కృష్ణ ఆమెకు ఎనిమిదో సంతానం. 1904లో పెద్ద కూతురు చనిపోయింది. 1905 డిసెంబరులో కడపలో సంజీవమ్మే చనిపోయింది. అప్పటికి కృష్ణకు 10 ఏళ్లు, తమ్ముడు నిత్యానందకు 7.

తల్లి పోయాక ఆ పిల్లవాడి మనసులో ఏం జరిగిందో మనకు కొంత తెలుసు. 18 ఏళ్ల వయసులో, 1913లో, తన చిన్నతనం గురించి అతనే రాశాడు. బడికి నడిచి వెళ్తుంటే వెనక అమ్మ వస్తున్నట్టుండేదట, ఆమె గాజుల చప్పుడు వినిపించేదట. అతని చుట్టూ ఉన్న దివ్యజ్ఞాన సమాజం వాతావరణంలో ఇలాంటి అనుభవాలు అతీంద్రియ శక్తికి గుర్తులు. నాకు మాత్రం అందులో దుఃఖం తీరని పదేళ్ల పిల్లవాడు కనిపిస్తాడు. బడిలో అతన్ని మొద్దు అన్నారు, కొట్టారు. ఆ పరధ్యానానికీ, ఇంట్లో అమ్మ లేకపోవడానికీ ఏమన్నా సంబంధం ఉందేమోనని అడిగిన పెద్దలు ఆ కథలో కనబడరు.

1909 జనవరిలో కుటుంబం మద్రాసులోని అడయారుకు మారింది. ఇల్లు చూసుకున్నది మేనత్త, భర్తతో గొడవపడి వచ్చేసిన స్త్రీ. మేరీ లుట్యెన్స్ 1975లో ప్రచురించిన జీవితచరిత్రలో ఆమెకు దక్కింది శుభ్రత లేని మనిషి, వంట చేతకాని మనిషి అన్న ముద్రే. తన బతుకే చెదిరిపోయిన ఒక ఆడమనిషి ఇంకొకరి బిడ్డల ఆకలినీ దుఃఖాన్నీ ఎలా మోసిందో రాయడానికి ఎవరికీ తోచలేదు. ఇంట్లో పిల్లలు చిక్కిపోతే నింద ఎప్పుడూ వంటింటి మీదికే పోతుంది.

అదే ఏడాది లెడ్‌బీటర్ కృష్ణలో కాబోయే జగద్గురువును చూశాడు. 1910 మార్చిలో నారాయణయ్య ఇద్దరు కొడుకుల సంరక్షణను అనీబిసెంటుకు రాసిచ్చాడు. 1912లో ఆమె వాళ్లను ఇంగ్లండు తీసుకెళ్లింది. లెడ్‌బీటర్ నీడ పిల్లల మీద పడటం ఇష్టంలేని తండ్రి కోర్టుకెక్కాడు. 1913లో మద్రాసు హైకోర్టు పిల్లల్ని తండ్రికి అప్పగించమంది. అప్పీలులోనూ బిసెంటు ఓడిపోయింది. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టివేసింది.

మద్రాసు కోర్టులో తన కేసు తనే వాదించుకున్న ఈ బిసెంటు కూడా ఒకనాడు బిడ్డను పోగొట్టుకున్న తల్లే. నాస్తికురాలని, సంతాన నియంత్రణ గురించిన పుస్తకం అచ్చువేసిందని 1878లో ఇంగ్లండు కోర్టు కూతురు మేబుల్‌ను ఆమె దగ్గర్నుంచి తీసేసి భర్తకు అప్పగించింది. పితృస్వామ్య చట్టం దెబ్బ తిన్న స్త్రీ 36 ఏళ్ల తర్వాత ఒక తండ్రి ఎదుట నిలబడి గెలవడం మనలో కొందరికి సంతోషంగా ఉండొచ్చు. నాకంత తేలిగ్గా లేదు. రెండు కేసుల్లోనూ తగవు బిడ్డ ఎవరి సొత్తు అన్నదాని మీదే నడిచింది. ఆడమనిషి చేతిలో ఉన్నంత మాత్రాన అధికారం అమ్మతనం అయిపోదు.

ప్రీవీ కౌన్సిల్ తీర్పులో ఒక్క మాట మాత్రం ఈనాటికీ పనికొస్తుంది. పిల్లల మేలేమిటో, వాళ్ల ఇష్టమేమిటో చూడకుండా వాళ్లను ఇండియాకు పంపమనడం సరికాదని అది చెప్పింది. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి సంరక్షకుల చట్టంలో అప్పటికే ఉంది. ఆ ఇష్టం గురించిన మాట పై కోర్టు దాకా వెళ్లి వినబడేసరికి కృష్ణకు దాదాపు 19 ఏళ్లు.

మరి తల్లి మాట? 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం కూడా సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాతే తల్లి అంది. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేర బాండ్ల కోసం దరఖాస్తు పెట్టి, రిజర్వు బ్యాంకుతో పోరాడితే, 1999లో సుప్రీంకోర్టు ఆ 'తర్వాత'కు 'తండ్రి చనిపోయాక' అని మాత్రమే అర్థం కాదని చెప్పింది. తండ్రి పట్టించుకోకపోయినా, అందుబాటులో లేకపోయినా తల్లి సంరక్షకురాలే. సంజీవమ్మ చనిపోయిన 94 ఏళ్లకు.

పెద్దయ్యాక కృష్ణమూర్తి చదువు గురించి ఎక్కువగా మాట్లాడింది భయం గురించి, ఒక బిడ్డను ఇంకొక బిడ్డతో పోల్చడంలోని హింస గురించి. మదనపల్లె దగ్గర 1931 నుంచి నడుస్తున్న ఋషివ్యాలీ పాఠశాల వెనక ఆ ఆలోచనే ఉంది. తత్వవేత్తలు దాన్ని తత్వంగా చదువుతారు. మొద్దు అనిపించుకుని దెబ్బలు తిన్న పిల్లవాడి అనుభవంగా కూడా చదవొచ్చని నా వాదన.

మన ఇళ్లలో చావులు, విడిపోవడాలు, అప్పులు వచ్చినప్పుడు 'పిలకాయలకేం తెలుస్తుంది' అని వాళ్లను పక్కగదిలోకి పంపేస్తాం. లేదంటే అమ్మ కావాలా, నాన్న కావాలా అని నలుగురిలో నిలబెట్టి అడుగుతాం. మొదటిది వాళ్ల దుఃఖాన్ని లేదనడం, రెండోది వాళ్లను సాక్షులుగా బోనెక్కించడం. ఈ రెండూ కాకుండా, జరిగింది జరిగినట్టు చెప్పి, వాళ్లు అడిగే ప్రశ్నలు ముగిసేదాకా పక్కన కూర్చోవడం ఒకటుంది. దానికి తీరిక కావాలి. ఆ తీరిక ఇంట్లో ఒక్క ఆడమనిషే వెతుక్కోవాలని ఎక్కడా రాసిలేదు.