జాపత్రి డివిడెండు

బొంబాయి టౌన్‌హాల్ ఎదుట మర్రిచెట్ల నీడన బేరాలాడుకునే షేరు దళారులు 1875లో సంఘం కట్టుకున్నారు. చేరడానికి రుసుము ఒక్క రూపాయి. నేటి బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్ ఆ సంఘమే. 2025 జూలై 9కి దానికి 150 ఏళ్లు నిండాయి.

ఇందులో నూట ఇరవై ఏళ్లకు పైగా మడకశిర వంటి ఊళ్లకు షేరు మార్కెట్ అంటే పేపరులో చివరి పేజీ అంకెలే. కొనాలంటే బెంగళూరులోనో హైదరాబాదులోనో బ్రోకరు తెలిసి ఉండాలి. ఇప్పుడు ఆ అడ్డు పోయింది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో వేలం ముగిశాక, ధర్మవరంలో మగ్గాల సందుల్లో, మడకశిర బస్టాండు దగ్గరి టీ అంగళ్లలో ఒకటే మాట: "ఏమన్నా, ఆ షేరు ఎత్తుకోవచ్చా?"

జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఒకరు పెరుగుతుందంటారు, ఒకరు పడుతుందంటారు. ధర పడటం, లేవడం మనవాళ్లకు ఒకరు నేర్పాల్సిన సంగతి కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేలలో వేరుశెనగ విత్తే రైతుకు, పొద్దున ఒక రేటు సాయంత్రం ఒక రేటు పలికే గూళ్లను మార్కెట్‌కు మోసుకొచ్చే రైతుకు నష్టభయం పుట్టుకతో వచ్చిన చుట్టం. అయితే షేరులో ధరకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. మన డబ్బు మన కళ్లెదుట లేని మనిషి చేతిలో ఉంటుంది, దాని లెక్క రాసేదీ అతడే. చిన్న మదుపరుల నాలుగు శతాబ్దాల కథ తిరగేస్తే, ధర వల్ల పోయిన డబ్బుకన్నా లెక్క అడగకపోవడం వల్ల పడిన దెబ్బలే లోతుగా కనిపిస్తాయి.

చెరువు కింద పదో వంతు

హేమావతిని హెంజేరు అని పిలిచిన నొళంబ పల్లవుల రోజుల నుంచి పెనుకొండను ఏలిన విజయనగర రాజుల దాకా ఇక్కడ కంపెనీలు లేవు, షేర్లు లేవు. సొమ్ము పెట్టి ఫలంలో పాలు పొందే పద్ధతి మాత్రం ఉంది. దాని పేరు దశబంధం. సొంత ఖర్చుతో చెరువు కట్టించినవాడికి, తెగిన కట్టను నిలబెట్టినవాడికి ఆ నీటి కింద పండే భూమిలో కొంత భాగం, సాధారణంగా పదో వంతు, ఇనాముగా దక్కేది. చెరువును బాగుచేస్తూ ఉండే పూచీ కూడా అతడిదే. వాన రాకపోతే అతడికీ ఫలం లేదు, కట్ట తెగితే అతడికే ఖర్చు. లాభానికీ పూచీకీ ఇంత దగ్గరి ముడి వేసిన ఏర్పాటు రాయలసీమ చరిత్రలో మరొకటి నాకు తెలియదు.

రాజు సొమ్ముకు లెక్క చెప్పాల్సి వచ్చిన కథ కూడా మనకుంది. పెనుకొండ కోశాధికారి విరుపణ్ణ లేపాక్షి గుడి కట్టించాడు. అచ్యుతదేవరాయలు ఖజానా లెక్క అడిగాడని, శిక్ష పడకముందే విరుపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని చెప్పుకుంటారు. గోడమీది ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. అది చరిత్ర కాదు, ఐతిహ్యం. కానీ ఇతరుల సొమ్ముకు లెక్క చెప్పక తప్పదన్న భయాన్ని ఈ ప్రాంతం ఇన్ని తరాలు గుర్తుంచుకుంది.

పనిమనిషి పెట్టిన నూరు గిల్డర్లు

షేర్లు అసలు పుట్టింది వేల మైళ్ల అవతల. అయినా ఆ కథలో మన బందరు, అంటే మచిలీపట్నం, ఉంది. అందుకే ఇది నాకు అంత ఇష్టం.

1602 మార్చి 20న డచ్ ఈస్టిండియా కంపెనీకి పట్టా వచ్చింది. మూలధనం కోసం దేశంలో ఎవరైనా, ఎంతైనా ఇవ్వొచ్చన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ వాన్ ఓస్ అనే వ్యాపారి ఇంట్లో చందా పుస్తకం తెరిచారు. ఆగస్టు ఆఖరుకు అందులో 1,143 పేర్లు చేరాయి. పెద్ద వర్తకుల పేర్ల పక్కనే చిన్నవాళ్ల పేర్లూ ఉన్నాయి. గడువు తీరే చివరి రోజున ఆ ఇంటి పనిమనిషి నీల్‌ట్జెన్ కోర్నెలిస్ నూరు గిల్డర్లు రాయించింది. ఆమె జీతానికి అది చిన్న మొత్తం కాదు. రోజుల తరబడి వచ్చిపోయే ధనవంతులకు తలుపు తీస్తూ, వాళ్ల మాటలు వింటూ, చివరికి తానూ ఆ పుస్తకంలోకి వచ్చింది. చరిత్రలో మనకు పేరుతో సహా తెలిసిన తొలి చిన్న మదుపరుల్లో ఆమె ఒకరు.

అప్పుడు కాగితం షేర్లు లేవు. పేరూ మొత్తమూ కంపెనీ ఖాతాలో ఉండేవి. అమ్మాలంటే ఇద్దరూ కంపెనీ కార్యాలయానికి వెళ్లి డైరెక్టర్ల ఎదుట ఖాతా మార్పించుకోవాలి. ఇవాళ్టి డీమ్యాట్‌లో ఉన్నది కూడా ఖాతాలో పేరే. నడుమ మూడొందల ఏళ్లకు పైగా రాజ్యమేలిన రంగురంగుల షేరు పత్రాలే వచ్చిపోయిన అతిథులు.

ఇక బందరు సంగతి. డచ్చివాళ్లకు కావలసింది మొలక్కా దీవుల లవంగాలు, జాజికాయ, జాపత్రి. ఆ దీవులవాళ్లు వెండికన్నా కోరమండల్ తీరపు బట్టకే మోజుపడేవాళ్లు. అందుకని డచ్చివాళ్లు 1605లో నిజాంపట్నం, మచిలీపట్నాల్లో అడుగుపెట్టి, మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను ఫర్మానా సంపాదించారు. చిరివేరుతో ఎర్రగా అద్దిన తెలుగు నేతబట్ట ఓడెక్కి దీవులకు పోయింది, దాని బదులు సుగంధద్రవ్యాలు ఆమ్‌స్టర్‌డామ్ గోదాములకు చేరాయి. మగ్గం మీద కూర్చున్నవాడికి తన బట్ట ఎవరి వాటాకు లాభం తెస్తోందో తెలియదు. వాటాదారుకు ఆ మగ్గం ఎక్కడుందో తెలియదు. షేరు అనే ఏర్పాటుకు ఉన్న బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

వాటాదారులు ఎనిమిదేళ్లు ఎదురుచూశారు. 1610 ఏప్రిల్‌లో తొలి డివిడెండు ప్రకటించారు, పెట్టిన సొమ్ములో 75 శాతం. ఇచ్చింది మాత్రం డబ్బు కాదు, జాపత్రి. నవంబరులో మరో 50 శాతం మిరియాల రూపంలో ఇచ్చి, నగదుగా ఏడున్నర శాతం చేతిలో పెట్టారు. జాపత్రి ధర కంపెనీయే కట్టింది. గోదాములున్న వర్తకుడు దాన్ని నిలవచేసుకుని అమ్ముకోగలడు. నూరు గిల్డర్లు పెట్టిన మనిషి ఆ సరుకు ఎక్కడ పెట్టుకోవాలి, ఎవరికి అమ్మాలి? అందరూ ఒక్కసారే బజారుకు తెస్తే ధర ఏం కావాలి? కాగితం మీద 75 శాతం లాభం ఒకటే, చేతికొచ్చేది పెద్దవాడికొకలా చిన్నవాడికొకలా.

పట్టాలో ఇంకో మాట ఉంది. పదేళ్లకు లెక్కలు చూపిస్తాం, కావాలంటే సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు అని. 1612 వచ్చింది. లెక్కలు రాలేదు, సొమ్మూ రాలేదు. బయటపడాలంటే కొనేవాడిని వెతుక్కోవడమే దారి. షేర్ల బజారు బలపడటానికి ఇదొక ముఖ్య కారణం. 1622లో విసిగిపోయిన వాటాదారులు కరపత్రాలతో వీధికెక్కారు. ఖాతా పుస్తకాలకు కొవ్వు రాసి కుక్కలకు మేపారా అని నిలదీసేదాకా వెళ్లింది వాళ్ల ఆగ్రహం. మరుసటి ఏడాది పట్టాను పొడిగించినప్పుడు ప్రభుత్వం వాటాదారులకు, ముఖ్యంగా పెద్దవాళ్లకు, కొంత పర్యవేక్షణ అధికారం ఇవ్వక తప్పలేదు. అదీ లెక్క అడిగినందువల్ల వచ్చిందే.

అదే నగరంలో 1688లో హోసే డి లా వేగా షేర్ల మీద తొలి పుస్తకం రాశాడు. ఒక తత్వవేత్త, ఒక వర్తకుడు, ఒక వాటాదారు కూర్చుని లాభనష్టాలు చర్చించుకునే సంభాషణల పుస్తకం అది. అతడి మొదటి హెచ్చరిక, షేరు కొనమనిగానీ అమ్మమనిగానీ ఎవరికీ సలహా ఇవ్వొద్దని. ఫోను నిండా టిప్పులు వచ్చే ఈ రోజుల్లో దానికి విలువ ఇంకా పెరిగింది.

మళ్లీ బందరు

తర్వాతి రెండు వందల ఏళ్లు తొందరగా దాటేయొచ్చు. డచ్ కంపెనీ 1799 ఆఖరుకు మూతపడింది. అమెరికా అంతర్యుద్ధం వల్ల దూదిపంటకు రెక్కలొచ్చి బొంబాయిలో షేర్ల పిచ్చి ముదిరి 1865లో కూలింది. 1906 అక్టోబరులో మద్రాసు ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి మదరాసు రాజధానిలోని మధ్యతరగతి డిపాజిట్లను ముంచింది. తెల్లదొర సంస్థ అయితే చాలు భద్రమనుకున్న నమ్మకం దాంతో సడలింది. మరుసటి ఏడాదే ఇండియన్ బ్యాంకు పుట్టింది.

డచ్చివాళ్లు బట్టలు కొన్న బందరులోనే 1923 నవంబరు 28న ఆంధ్రా బ్యాంకు తలుపులు తెరిచింది. స్థాపించింది వైద్యుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. మూడు శతాబ్దాల క్రితం తన బట్టతో ఎవరికో డివిడెండు సంపాదించిపెట్టిన ఊరు ఇప్పుడు సొంత వాటాదారుల బ్యాంకు పెట్టుకుంది. ఈ ఒక్క సంగతి తలచుకుంటేనే నాకు గర్వంగా ఉంటుంది. 1980లో అది జాతీయమైంది. 2001లో పది రూపాయల ధరకు మళ్లీ షేర్లు జనానికి ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. పేరు మీద అభిమానంతో దాచుకున్నవాళ్లకు మిగిలింది ఆ నిష్పత్తే.

సత్యం తర్వాత

ఇక్కడి నుంచి కథ ఒక దారిలో నడవదు. 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకున్న సత్యం కంప్యూటర్స్, ఆ డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొంటామంది. మదుపరులు తిరగబడితే కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ వచ్చింది. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ ఒక్కరోజులో 40 రూపాయల దిగువకు పడింది. మనవాడి కంపెనీ అన్న ఒకే కారణంతో కొన్న తెలుగు ఇళ్లు ఎన్నో.

అమెరికాలో సత్యం షేర్లున్నవాళ్లు ఉమ్మడిగా దావా వేస్తే కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. మనదేశపు చిన్న వాటాదారుకు అలాంటి దావా వేసే వీలు అప్పటి కంపెనీల చట్టంలో లేదు. 2013 చట్టంలో 245వ సెక్షన్ దాన్ని తెచ్చింది. ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెడితే బయటపెట్టాలన్న నిబంధనను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ 2009 జనవరిలోనే తెచ్చింది. పేరు మారిన సత్యం 2013లో టెక్ మహీంద్రాలో కలిసింది. 17 షేర్లకు 2 షేర్లు ఇచ్చారు.

ఇప్పటి పరిస్థితి ఇంకా చిక్కు. 2022 ఆగస్టులో దేశంలో డీమ్యాట్ ఖాతాలు 10 కోట్లు దాటాయి. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు మించిందని సెబీ అధ్యయనం తేల్చింది. షేరు కొని దాచుకోవడం వేరు, వారం తిరక్కముందే గడువు తీరే ఆప్షన్ వేరు. మొదటిదానిలో కంపెనీ ఎదుగుదలలో పాలు ఉంది. రెండోదానిలో ఒకరి లాభం ఇంకొకరి నష్టమే. పిల్లలు రెంటినీ ఒకే యాప్‌లో ఒకే వేలితో చేస్తున్నారు కాబట్టి రెండూ ఒకటే అనుకుంటున్నారు. ఇంట్లో పెద్దలు ఈ తేడా చెప్పి తీరాలి.

పెనుకొండ దగ్గర యర్రమంచిలో 2019 నుంచి కార్లు చేస్తున్న కియా ఇండియా షేరు మన మార్కెట్లో దొరకదు, అది ఇక్కడ నమోదైన కంపెనీ కాదు. 2024 అక్టోబరులో 27,870 కోట్ల రూపాయల ఐపీఓకు వచ్చిన హ్యుందాయ్ మోటార్ ఇండియా వేరే కంపెనీ. దాని షేరు తొలిరోజే ఇష్యూ ధర కన్నా దిగువన ముగిసింది. కంటికి కనిపించే ఫ్యాక్టరీ ఒకటి, కొంటున్న షేరు ఇంకొకటి కాకుండా చూసుకోవడం కూడా లెక్క అడగడంలో భాగమే.

మన రైతులకు వాటా కొత్త కాదు. సొసైటీలో అప్పు తీసుకునేటప్పుడు వాటాధనం పట్టుకుంటారు. అక్కడ మనిషికి ఒక ఓటు, కంపెనీలో షేరుకు ఒక ఓటు. సొసైటీ సర్వసభ్య సమావేశంలో గొంతెత్తి అడిగే మనిషి, లక్ష రూపాయల షేర్లున్న కంపెనీని ఏమీ అడగడు. చీటీ పాట దగ్గర పైసాపైసా లెక్క చూసే మనిషి వార్షిక నివేదిక తెరిచి చూడడు.

అడగడం ఇప్పుడు ఎంతో తేలిక. కొనేముందు మూడు సంగతులు చూడండి: లాభం కాగితం మీదే ఉందా లేక నగదుగా చేతికి వస్తోందా; అప్పు ఎంత; ప్రమోటర్ల వాటా ఎంత, అందులో తాకట్టులో ఉన్నది ఎంత. చివరిది మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. కొన్నాక ఊరుకోవద్దు. 2020 నుంచి వార్షిక సమావేశాలను వీడియోలో జరపడానికి అనుమతి ఉంది. అలా జరిపే కంపెనీల్లో ఒక్క షేరు ఉన్నా ముందుగా పేరు నమోదు చేసుకుని ప్రశ్న అడగొచ్చు, తీర్మానాల మీద ఫోనులోనే ఓటు వేయొచ్చు. కంపెనీ పట్టించుకోకపోతే సెబీ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ వాటాదారులు ఇరవై ఏళ్లు కొట్లాడి సగమే సాధించిన హక్కు మడకశిర మదుపరికి ఖాతాతో పాటే వస్తోంది. టీ అంగడి మాటల్లో "ఎత్తుకోవచ్చా" తర్వాత "లెక్కలు చూసినావా" అన్న ప్రశ్న కూడా చేరాలి. ఆ అలవాటు పడితే నష్టాలు ఆగిపోవు, మోసాలు మాత్రం ఇంత తేలిగ్గా సాగవు.